‘ఆంధ్రా ప్యారిస్’ ఉపమానం – శారద తెనాలి: ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

తెనాలిని ‘ఆంధ్రా ప్యారిస్’ అనడం ఎంతగా అలవాటైందంటే, అది ఒక ఉపమానమన్న సంగతే మరుగున పడింది. ఊరి చరిత్ర చెప్పే వ్యాసాలూ, నటీనటుల జీవితకథలూ దాన్ని బిరుదుగా వాడుకొని ముందుకు సాగిపోతాయి. పూర్ణోపమకు ఉపమేయం, ఉపమానం, సాధారణధర్మం, ఉపమావాచకం అని నాలుగు అంగాలను ఆలంకారికులు చెప్పారు. ఈ బిరుదులో సాధారణధర్మం లోపించింది. ఆ ఖాళీలో ఎవరికి తోచినది వారు నింపుకొన్నారు: కొందరు కాలువలను, కొందరు నాటకరంగాన్ని, కొందరు సినిమాతారలను. ఆ ఖాళీలో చోటు దొరకనివారెవరన్నది ఈ వ్యాసం ప్రశ్న.

కాలువలు – పేటలు

మొదటి పోలిక నీటిది. ప్యారిస్ మధ్యగా సెన్ నది పారుతుంది. తెనాలి గుండా తూర్పు కాలువ, పడమటి కాలువ, నిజాంపట్నం కాలువ పారుతాయి. పోలిక పైకి అందంగానే ఉంది. అయితే సెన్ ప్రకృతి ఇచ్చిన నది, నగరం దాని ఒడ్డున పెరిగింది. తెనాలి కాలువలు పంటకోసం తవ్వినవి. 1855లో బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట పూర్తయ్యాక పడమటి డెల్టాలో వరి పెరిగింది, వరితో డబ్బు, డబ్బుతో నాటకం, ముద్రణ, బడి వచ్చాయి. సరిగ్గా ఆ దశకంలోనే, 1853 నుంచి, హౌస్‌మన్ ప్యారిస్ పాత వాడలను కూల్చి వెడల్పాటి రాజవీథులు వేయించాడు. రెండుచోట్లా ప్రభుత్వ ఇంజనీర్లే ఊరి రూపాన్ని మార్చారు. నీటి అందం కంటే ఈ సామ్యమే గట్టిది, కాని బిరుదును వాడేవారు దీన్ని పట్టించుకోరు.

పేటల పేర్లు ఇంకా ఆసక్తికరమైనవి. గంగానమ్మపేటలో గ్రామదేవత ఉంది, సుల్తానాబాదులో పారసీకపు పలుకు ఉంది, మారీసుపేటలో ఇంగ్లీషు పేరు ఉంది. ప్యారిస్‌లో మారే అంటే చిత్తడినేల, సెన్ జెర్మెన్ దే ప్రే అన్న పేరు చివర ఉన్నది పచ్చికబయళ్లు. నగరం ఎంత ఎదిగినా పేటపేరు పాతనేలను మరచిపోదు.

నిజాంపట్నం కాలువ పేరులో ఒక చమత్కారం ఉంది. రేపల్లె ప్రాంతంలోని ఆ రేవుకు డచ్చివారు 1606లో, ఇంగ్లీషువారు 1611లో వచ్చారు. 18వ శతాబ్ది మధ్యలో కొన్నేళ్లు నిజాంపట్నం సర్కారు ఫ్రెంచివారి చేతిలో ఉండి, 1759లో ఇంగ్లీషువారికి దక్కింది. ప్యారిస్ పేరు చెప్పుకొని మురిసే రచనల్లో ఈ అసలు ఫ్రెంచివారు కనబడరు.

రంగస్థలం, రణరంగం

కళల పోలికకు ఆధారాలు బలంగానే ఉన్నాయి. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు నటుడిగా వికసించింది తెనాలి రామవిలాస సభలో. త్రిపురనేని రామస్వామి చౌదరి సూతాశ్రమం ఇక్కడే ఉంది. శరత్ నవలలను తెలుగు చేసిన చక్రపాణి, 1909లో ఇక్కడే పుట్టిన కొడవటిగంటి కుటుంబరావు ఈ ఊరివారే. చుట్టుపక్కల నుంచి రైలెక్కి, బండి కట్టుకొని నాటకానికి వచ్చే జనం లేకపోతే తెనాలి రంగస్థలం నిలిచేది కాదు. మోపార్నాస్ కెఫేలు కూడా బయటినుంచి వచ్చినవారితోనే వెలిగాయి.

1942 ఆగస్టు 12న క్విట్ ఇండియా ఉద్యమంలో పోలీసు కాల్పులకు ఏడుగురు బలైన చోటు నేడు రణరంగచౌక్. ప్యారిస్‌లో బాస్తీ కోట 1789 తర్వాత నేలమట్టమైంది. ఆ కూడలిలో నేడు నిలిచిన స్తంభం 1830 విప్లవానికి గుర్తు. చూసేవారు మాత్రం 1789నే తలుస్తారు. తెనాలి స్మారకంలో అటువంటి పొరపాటుకు తావు లేదు: చోటు, రోజు, చనిపోయినవారి లెక్క ఒకదానితో ఒకటి కలిసే ఉన్నాయి. ఇక్కడ ఊరి స్థలజ్ఞాపకమే మిన్న అనక తప్పదు.

పొయ్యివెనుక ప్యారిస్

ఈ బిరుదు కింద చోటు దొరకని రచయిత శారద, అసలు పేరు ఎస్. నటరాజన్. పుదుక్కోట నుంచి 1937లో, పన్నెండు పదమూడేళ్ల వయసులో, తండ్రివెంట తెనాలి చేరాడు. మాతృభాష తమిళం. తండ్రి పోయాక హోటళ్లలో సర్వరుగా బతికాడు, మూర్ఛవ్యాధితో తీసుకొన్నాడు. తెలుగు నేర్చుకొని, ఆ భాషలోనే కథలూ, ‘మంచీ చెడూ’, ‘అపస్వరాలు’, ‘ఏది సత్యం’ నవలలూ రాశాడు. 1955లో చనిపోయేనాటికి ముప్పై ఒకటో ఏడు.

నిజమైన ప్యారిస్ పోలిక దొరికేది ఇక్కడే. జార్జి ఆర్వెల్ 1929 ప్రాంతంలో ప్యారిస్ హోటల్లో అంట్లు తోమి, ఆ అనుభవాన్ని 1933లో పుస్తకం చేశాడు. ముందుగదిలో వెండిపళ్లేలు, తలుపుకవతల మురికి, చెమట, తిట్లు: నగరాన్ని వంటగది నుంచి చూసిన రచన అది. కాని ఆర్వెల్‌కు ఆ వంటగది కొన్నాళ్ల మజిలీ. తిరిగి వెళ్లడానికి ఇంగ్లండూ, చదువుకొన్న వర్గమూ ఉన్నాయి. శారదకు పొయ్యి దగ్గరి పని కథావస్తువును వెదుక్కొంటూ వెళ్లిన యాత్ర కాదు. ఈ తేడాను గమనించకుండా ఇద్దరినీ ఒకే గాటన కట్టడం విమర్శ కాదు.

రెండో పోలిక భాషది. ఐర్లండువాడైన బెకెట్ ఫ్రెంచిలో రాసిన నాటకం ‘గోదో కోసం’ 1953 జనవరిలో ప్యారిస్ రంగమెక్కింది. తమిళుడైన నటరాజన్ తెనాలిలో తెలుగు నవలలు రాస్తున్న కాలమూ అదే. పరాయిభాషలో రాసిన రచయిత అని బెకెట్‌ను లోకం ప్రత్యేకంగా చూసింది. శారద విషయంలో అదే గుణాన్ని చాలాకాలం జాలి కథగా చెప్పుకొన్నారు: పేద సర్వరు, రోగి, అయినా రాశాడు. ఆ ‘అయినా’లోనే చిన్నచూపు ఉంది. ప్రేక్షకుల మెప్పుకోసం కాక, బల్లల మధ్య రోజంతా విన్న మాటల వల్ల ఆయనకు తెలుగు వచ్చింది. వర్తకుడు, గుమాస్తా, నిరుద్యోగి వచ్చి కూర్చొనే చోటు హోటలు. అక్కడ నిలబడి వడ్డించేవాడికి అందరి మాటా వినబడుతుంది, అతడు మాత్రం ఎవరికీ కనబడడు. యుద్ధకాలం, ఆ వెనుక ఏళ్లు మనుషుల మధ్యకు తెచ్చిన డబ్బులెక్కలను శారద నవలలు అంత దగ్గరగా పట్టుకోవడానికి ఈ స్థానమే కారణమని చెప్పవచ్చు.

నిర్మాణంలో ఆ నవలలకు లోపాలున్నాయి. యాదృచ్ఛిక సంఘటనల మీద ఎక్కువగా ఆధారపడతాయి, చివరలు తొందరపడతాయి. పని గంటల మధ్య రాసిన చేతికి ఆ తొందర అసహజం కాదు. అయినా దాన్ని కప్పిపుచ్చవలసిన పనీ లేదు.

శారదతో కలిసి హోటల్లో పనిచేసిన ఆలూరి భుజంగరావు ‘సాహిత్య బాటసారి శారద’ రాసి ఆ జీవితాన్ని నిలబెట్టాడు. తెనాలి గొప్పను చెప్పే రచనల పక్కన ఈ పుస్తకాన్ని ఉంచి చదివితే, అవి వర్ణించే కూడళ్లలోనే మరో ఊరు కనిపిస్తుంది: తెల్లవారకముందే పొయ్యి రాజేసే ఊరు, పగలంతా నిలబడి వడ్డించే ఊరు, రాత్రి కస్టమర్లు లేచిపోయాక అదే బల్లమీద కాగితం పరుచుకొనే ఊరు.