మరణస్థలంలో మొబైల్ ఫోన్: శవపంచనామా కథనంలో ‘మేము’ ఎవరు?

వ్యాససంగ్రహం:
అసహజ మరణం సంభవించిన చోట పోలీసు అధికారి సిద్ధపరిచే శవపంచనామాను ఒక రచనారూపంగా గ్రహించి, అందులోకి మొబైల్ ఫోన్ ప్రవేశించడం వల్ల ఏమి మారుతుందో, ఏమి మారదో బంటుమిల్లి ప్రాంత నేపథ్యంలో విమర్శనాత్మకంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. కొత్త చట్టం ఫోన్‌ను ప్రధానంగా స్థలాన్నీ వస్తువులనూ చూపే సాధనంగా గుర్తించింది. పంచాయతీదారుల మాటను వినిపించే సాధనంగా ఇంకా గుర్తించలేదు. శవపంచనామాకు ఉన్న పాత లోపం ఈ రెండో చోటనే ఉందన్నది ఇందులోని ప్రతిపాదన.

కీలకపదాలు: శవపంచనామా, పంచాయతీదారులు, మొబైల్ ఫోన్, మౌఖిక కథనం, బంటుమిల్లి.

1. ప్రవేశిక:
బంటుమిల్లి కృష్ణా తూర్పు డెల్టా కొసన, సముద్రానికి చేరువలో ఉన్న ప్రాంతం. వరిచేలు, చేపల చెరువులు, రొయ్యల చెరువులు, కాలువలు, మురుగు డ్రెయిన్లు ఇక్కడి భూస్వరూపం. ఇటువంటి చోట అసహజ మరణమంటే చెరువులో జారిపడటం, ఏరేటర్ తీగ తగిలి విద్యుదాఘాతానికి గురికావడం, గట్టు మీద పాము కాటువేయడం, పురుగుమందు తాగడం వంటివి. వీటిలో చాలావాటికి హంతకుడు ఉండడు. అయినా ప్రతి మరణానికీ ఒక కథనం రాయవలసి ఉంటుంది.

నమోదుకు అందని మరణాలను కూడా ఈ తీరం ఎరుగును. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి మచిలీపట్నాన్ని ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించారని చరిత్ర చెబుతున్నది. 1977 నవంబరు 19న దివిసీమను తుడిచిపెట్టిన ఉప్పెనలో మృతుల సంఖ్య పదివేలని కొందరు, అంతకు ఎంతో ఎక్కువని కొందరు నేటికీ భిన్నంగా చెబుతారు. లెక్కే తేలని చోట ఒక్కొక్కరి మరణానికి కథనం మిగలడం అసాధ్యం. కాబట్టి మరణాన్ని నమోదు చేసే ఏ కొత్త సాధనమైనా ఈ ప్రాంతానికి సామాన్య విషయం కాదు.

2. రచనారూపంగా శవపంచనామా:
1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 174వ సెక్షన్ ప్రకారం పోలీసు అధికారి మరణస్థలానికి వెళ్లి, ఇరుగుపొరుగున ఉండే ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువమంది గౌరవనీయుల సమక్షంలో విచారణ జరిపి, శరీరంపై కనిపించే గాయాలను, మరణానికి పైకి తోచే కారణాన్ని రాయాలి. దానితో ఏకీభవించినవారు సంతకం చేయాలి. ప్రస్తుతం దీని స్థానంలో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 194వ సెక్షన్‌లోనూ ఈ స్వరూపం మారలేదు. నివేదికను 24 గంటలలోగా మేజిస్ట్రేటుకు పంపాలన్న గడువు కొత్తగా చేరింది.

ఈ నివేదిక పరిధి స్వల్పమేనని ‘పెద్ద నారాయణ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం’ (1975) కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఎవరు, ఎందుకు, ఎలా దాడి చేశారన్న వివరాలు ఇందులో ఉండనవసరం లేదు. న్యాయశాస్త్ర దృష్టిలో అది సబబే. హత్య కేసులో సత్యాన్ని తేల్చడానికి తరువాత ఇంకా ఎన్నో దశలుంటాయి. హంతకుడు లేని మరణంలో మాత్రం తరచుగా శవపంచనామాయే మొదటి మాట, దాదాపు చివరి మాట కూడా.

ఈ రచనకు నియతమైన శైలి ఉంది. ‘సదరు మృతుడు’, ‘మేము పంచాయతీదారులము పరిశీలించగా’, ‘ఏకగ్రీవముగా అభిప్రాయపడితిమి’ వంటి పదబంధాలు దాని లక్షణాలు. కథకుడు ఉత్తమపురుష బహువచనంలో మాట్లాడతాడు. కలం పోలీసు అధికారిది, గొంతు మాత్రం ఊరివారిది అన్నట్లుగా వాక్యం నడుస్తుంది. ఊరివారు వాస్తవంగా ఏ మాట అన్నారో తెలుసుకునే మార్గం ఆ కాగితంలో లేదు. ‘కడుపునొప్పి తాళలేక’ అనే పదబంధం దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ. అప్పు, అవమానం, గృహహింస వంటి ఎన్నో కారణాలు దాని చాటున ఒదిగిపోగలవు.

3. చట్టంలో ఫోన్‌కు దక్కిన చోటు:
2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన ఈ సంహిత మొబైల్ ఫోన్‌ను పేరుపెట్టి ప్రస్తావిస్తుంది. 105వ సెక్షన్ సోదాలను, వస్తువుల స్వాధీనాన్ని దృశ్యశ్రవ్య రూపంలో చిత్రీకరించాలంటుంది. ఏడేళ్లు లేదా అంతకు మించి శిక్ష పడే నేరాలలో ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనాస్థలానికి రావాలని, ఆ ప్రక్రియను చిత్రీకరించాలని 176వ సెక్షన్ నిర్దేశిస్తుంది. ఇటువంటి చిత్రీకరణ కోసం రూపొందిన ‘ఈ-సాక్ష్య’ యాప్ స్థలాన్ని, సమయాన్ని చిత్రంతోపాటే భద్రపరుస్తుంది. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి జతపరచవలసిన ధ్రువపత్రాన్ని భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ నిర్ణయించింది.

ఇవి మెచ్చదగిన మార్పులే. శవం ఎక్కడ, ఏ స్థితిలో ఉన్నదనే విషయంలో తరువాత మాట మార్చడం కష్టమవుతుంది. కాని 194వ సెక్షన్‌ను చదివినప్పుడు ఒక లోటు కనిపిస్తుంది. శవపరీక్ష విచారణను చిత్రీకరించాలన్న మాట అందులో లేదు. హత్య జరిగిన చోట తప్పనిసరి అయిన కెమెరా, రొయ్యల చెరువు గట్టున మరణించిన కూలీ దగ్గర అధికారి విచక్షణకు లోబడి ఉంటుంది.

4. కెమెరా చూడని భాగం:
చెరువు గట్టున ఒక మరణాన్ని ఊహించుకుందాం. ఏరేటర్, తడినేల, తెగిన తీగ, శరీరం ఉన్న తీరు ఫోన్‌లో పదిలంగా నిలుస్తాయి. ఆ తీగ ఎన్నాళ్లుగా తెగి ఉన్నదో, బాగుచేయించమని ఎవరు ఎవరికి చెప్పారో, ఆ రాత్రి అతడు గట్టు మీదికి ఎందుకు వెళ్లాడో చిత్రంలో ఉండవు. అవి పక్క చెరువు కాపలాదారు నోట, మృతుని భార్య నోట ఉంటాయి.

ఈ తేడా కేవలం సాహిత్యపరమైనది కాదు. ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో ప్రమాద మరణానికి 2 లక్షల రూపాయలు లభిస్తాయి, ఆత్మహత్యకు వర్తించదు. ‘ప్రమాదవశాత్తు’ అన్న ఒక్క మాట ఉండటం, లేకపోవడం ఆ కుటుంబం బతుకును మలుపు తిప్పగలదు. ఆ మాటను ఎవరు అన్నారో, ఎవరు రాశారో వేరుచేసి చూపగల సాధనం ఇప్పుడు అధికారి జేబులోనే ఉన్నది.

5. ఎంపికల పట్టిక – కథనం:
ఆరోగ్య పరిశోధనలో ఇదే సమస్య మరో రూపంలో ఎదురైంది. వైద్యుని ధ్రువీకరణ లేని మరణాలకు కారణాన్ని కుటుంబసభ్యులను అడిగి నిర్ణయించే పద్ధతిని వెర్బల్ అటాప్సీ అంటారు. గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాలలో ఈ శతాబ్ది తొలి సంవత్సరాలలో జరిగిన ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనిషియేటివ్ అధ్యయనం ఈ పద్ధతిలోనే గ్రామీణ మరణాలలో గుండె, రక్తనాళాల వ్యాధుల ప్రాబల్యాన్ని వెల్లడించింది. తరువాతి కాలంలో ఈ ప్రశ్నావళులు ఫోన్లలోకి, ట్యాబ్‌లలోకి వచ్చాయి. ఇంటర్‌వీఏ వంటి గణన పద్ధతులు ‘అవును’, ‘కాదు’ అనే జవాబులనే లెక్కలోకి తీసుకుంటాయి. బంధువు స్వేచ్ఛగా చెప్పిన కథనాన్ని చదవవు. వేగం పెరిగింది, చెప్పినవారి మాట మాత్రం అంచుకు జరిగింది. శవపంచనామా కూడా ఫోన్ తెరపై నింపే పట్టికగా మారితే ‘కడుపునొప్పి’ ఒక ఎంపికగా స్థిరపడే ప్రమాదముంది.

6. ముగింపు:
ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

• శవపంచనామాలోని ‘మేము’ చట్టరీత్యా ఊరివారిది, రచనరీత్యా అధికారిది. దృశ్యచిత్రీకరణ ఒక్కటే ఈ వైరుధ్యాన్ని తొలగించలేదు.
• హంతకుడు లేని మరణాలకు కూడా చిత్రీకరణను 194వ సెక్షన్ పరిధిలో తప్పనిసరి చేయడం సముచితం.
• పంచాయతీదారుల అభిప్రాయాన్ని వారి మాండలికంలో, వారి గొంతుతో నమోదు చేసి లిఖిత నివేదికకు జతపరచాలి. అధికారి కథనం పక్కన ఊరి కథనం నిలవాలి.
• గొంతు నమోదైతే సాక్షి భయపడి నోరు మెదపకపోవచ్చుననే అభ్యంతరం సహేతుకమైనది. అందువల్ల అతనికి ఏకాంతంగా చెప్పే అవకాశం ఉండాలి. మృతుని చిత్రాలు, సాక్షుల గొంతులు అధికారిక యాప్ దాటి వాట్సాప్‌లోకి చేరకుండా కట్టడి ఉండాలి.

ఉప్పెన వచ్చిన నాడు విద్యుత్తు, ఫోన్ సంకేతాలు ముందుగా పోతాయి. ఆనాటికి మళ్లీ కాగితం, కలం, చూసినవారి మాటలే దిక్కవుతాయి. అన్నీ సవ్యంగా ఉన్న రోజున చెరువు గట్టున ఒంటరిగా మరణించినవాని గురించి ఊరు ఏమన్నదో ఉన్నదున్నట్లు నిలుపుకోవడం నేర్చుకుంటేనే ఆ విపత్తునాటి కాగితం మీద కూడా నమ్మదగిన మాట మిగులుతుంది.