పళ్లను నడిపించే ఓపిక

యూఏఈలోని అజ్మాన్‌లో దంతవైద్యం నేర్పే విశ్వవిద్యాలయాలున్నాయి: అజ్మాన్ యూనివర్సిటీ, గల్ఫ్ మెడికల్ యూనివర్సిటీ వంటివి. అక్కడ నేర్పే విద్యల్లో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఎగుడుదిగుడు పళ్లను వరసలోకి తెచ్చే ఆర్థోడాంటిస్టు పని. బ్రేసులు ఒక్క పూటలో బిగించేవి కావు. ముందు ఎక్స్‌రేలు, పళ్ల అచ్చులు. దవడ పళ్లకు రింగులు తొడగాలంటే సందుల్లో చిన్న రబ్బరు సెపరేటర్లు దూర్చి, చోటు ఏర్పడేదాకా కొన్ని రోజులు ఆగుతారు.

అసలు నేర్పు తీగను పట్టి ఉంచే బ్రాకెట్లు పళ్లకు అంటించేటప్పుడు చూడాలి. పంటిమీద ఫాస్ఫారిక్ ఆమ్లపు జెల్ అర నిమిషం ఉంచి, కడిగి, ఆరబెడితే ఎనామిల్ సుద్దలా తెల్లబడుతుంది. ఆ గరుకులోకే జిగురు దిగుతుంది. ఉమ్మి తగిలిందా, మళ్లీ మొదటికి! బ్రాకెట్ ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగినా పన్ను నెలల తరబడి తప్పుదారిన పోతుంది. అందుకే చోటు సరిచూశాకే నీలికాంతితో గట్టిపరుస్తారు.

మొదటి తీగ సన్నని నికెల్-టైటానియం. వంచినా తన ఆకారానికి తిరిగొస్తూ పన్నును మెల్లగా లాగుతుంది. 1970లలో జార్జ్ ఆండ్రియాసెన్ దీన్ని ఈ వైద్యంలోకి తెచ్చారు. ఒత్తిడి పడ్డవైపు ఎముక కరుగుతుంది, వెనక కొత్తది పుడుతుంది. తొందరపడి గట్టిగా లాగితే వేరు కొస అరిగే ప్రమాదముంది. కాబట్టి కొన్ని వారాలకోసారి రమ్మంటారు, ఆనక నాలుగు పలకల స్టీలు తీగకు మారుస్తారు.

అజ్మాన్‌లో కాపురముండే మన కుటుంబాలు జూలై, ఆగస్టు సెలవులకు ఊరెళ్తాయి. మంచి డాక్టరు ఆ ప్రయాణాన్నీ లెక్కలో వేసుకుని, తీగ కొస గుచ్చుకుంటే అద్దే మైనం ముక్కను కూడా చేతికిచ్చి పంపుతారు.