మలుపు దాటితే ఏముంది?

నర్సీపట్నంలో ఎక్కిన చింతపల్లి బస్సు డౌనూరు దాటాక ఘాట్ రోడ్డు పడుతుంది. అక్కణ్ణుంచి లంబసింగి దాకా ఒక మలుపు తిరిగితే గాని ఇంకో మలుపు కనబడదు. దాసరి సుబ్రహ్మణ్యం కథ నడిపే తీరు కూడా అంతే.

ఆయన పేరు చెబితే చాలామంది ‘ఎవరాయన?’ అంటారు. రాకాసిలోయ అనో, మాయాసరోవరం అనో అనండి, అరవై దాటినవాళ్ల ముఖాలు వెలిగిపోతాయి. చందమామ మాసపత్రికలో 1954లో ‘తోకచుక్క’తో మొదలై, 1978లో మొదలైన ‘భల్లూక మాంత్రికుడు’ దాకా పన్నెండు జానపద సీరియళ్లు రాశారాయన. ఒక్కదానికీ పత్రికలో ఆయన పేరు వెయ్యలేదు. డెన్మార్కులో చెప్పులు కుట్టే ఇంట్లో పుట్టిన పిల్లల కథల ఆండర్సన్ పేరు ఆయన బతికుండగానే యూరప్ అంతా పాకింది. మన మాంత్రికుల సృష్టికర్త మాత్రం మద్రాసులో ఒక ఆఫీసు బల్ల వెనక యాభై నాలుగేళ్లు ఉద్యోగం చేశారు.

పుట్టింది 1932లో, గుంటూరు జిల్లా పెదగాదెలవర్రులో. చందమామలో చేరింది 1952లో, ఇరవయ్యో ఏట. కొడవటిగంటి కుటుంబరావు కూడా ఆ ఏడే వచ్చి చేరారు. వడపళనిలో ఆ కార్యాలయం నాగిరెడ్డి, చక్రపాణిలది. వాళ్ల విజయా సంస్థే తీసిన ‘పాతాళభైరవి’ 1951లో విడుదలై, మాంత్రికుడంటే ఎస్వీ రంగారావే అని ఊరూరా స్థిరపడిన రోజులవి. ఆ గాలిలోనే మన కుర్రాడు కలం పట్టాడు. ఇక్కడో తమాషా ఉంది. ఆయన హేతువాది, దేవుణ్ణీ దయ్యాన్నీ నమ్మేవాడు కాదు. మంత్రాలు నమ్మనివాడు మంత్రాల కథలు ఎలా రాశాడని అడిగేవాళ్లున్నారు. నమ్మలేదు కాబట్టే అంత బాగా రాయగలిగాడని నా అభిప్రాయం.

ఎందుకంటే ఆయన మాంత్రికులు సర్వశక్తిమంతులు కారు, వాళ్ల విద్యకు హద్దులున్నాయి. కొందరు గురువు దగ్గర సగం నేర్చుకుని పారిపోయి వచ్చినవాళ్లలా ఉంటారు. మంత్రం పారకపోతే తడబడతారు, శిష్యుల మీద విసుక్కుంటారు, ఆకలేస్తే నీరసపడతారు. చదువుతుంటే భయమూ నవ్వూ ఒకేసారి వస్తాయి. ఆపదలో దేవుడు ప్రత్యక్షమై వరమివ్వడం అనే సులువైన దారి ఆయన తొక్కలేదు. వీరులు బయటపడాలంటే కత్తి ఉండాలి, కాళ్లలో సత్తువ ఉండాలి, బుర్ర ఉండాలి. మరీ ముఖ్యంగా ఎదుటివాడి దురాశను పసిగట్టే చూపు ఉండాలి.

వీరులు జంటలుగా తిరగడం ఆయన పనితనంలో అసలు కిటుకు. రాకాసిలోయలో కేశవుడు, జయమల్లు. యక్షపర్వతంలో ఖడ్గవర్మ, జీవదత్తుడు. మాయాసరోవరంలో జయశీలుడు, సిద్ధసాధకుడు. ఒక్కడే నడుస్తుంటే వాడి మనసులో ఏముందో రచయిత పేజీలకు పేజీలు వర్ణించాలి. ఇద్దరుంటే మాట్లాడుకుంటారు. ఒకడు తొందరపడతాడు, రెండోవాడు ఆపుతాడు. పదేళ్ల పిల్లవాడికి కథ మొత్తం సంభాషణలోనే అందుతుంది. సిద్ధసాధకుడి మాటల్లో మంత్రగాడి ఆర్భాటం, జయశీలుడి మాటల్లో ఆలోచన ఉంటాయి. ఎవరు మాట్లాడుతున్నారో పేరు చూడకుండానే చెప్పేయవచ్చు.

సీరియళ్ల పేర్లు ఓసారి వరసగా చదవండి: కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, యక్షపర్వతం, మాయాసరోవరం. పన్నెండింటిలో ఏడు చోట్ల పేర్లే. వీరుడి పేరు ఒక్క శీర్షికలోనూ లేదు. కథంతా ఎక్కడికో వెళ్లడమే. మాయాసరోవరంలో కనకాక్షరాజు బిడ్డలు కాంచనమాల, కాంచనవర్మ కనబడకుండా పోతారు. వాళ్లను వెతకడానికి బయల్దేరినవాళ్లకు దారిలో ఇంకో చిక్కు, ఆ చిక్కు విప్పబోతే మరో జాడ. ఇది మనకు కొత్తేమీ కాదు. మధిర సుబ్బన్న దీక్షితుల ‘కాశీమజిలీ కథలు’లో మణిసిద్ధుడు కాశీకి నడుస్తూ మజిలీ మజిలీకీ గోపాలకుడికి కథ చెబుతాడు. దీక్షితులు మజిలీ దగ్గర కథ ముగించి నిద్రపుచ్చితే, దాసరి మజిలీ దగ్గర ప్రాణం మీదికి తెచ్చి నెలరోజులు నిద్ర లేకుండా చేశారు.

ఆ నెల ఆగడం చిన్న విషయం కాదు. ప్రతి భాగం మొదట్లో బ్రాకెట్లలో జరిగిన కథ నాలుగు వాక్యాల్లో ఉండేది. కథను అలా కుదించడం ఎంత కష్టమో రాసేవాళ్లకు తెలుసు. చివర్లో ఏ పొద మాటునో అలికిడి, ఏ కొండ మీదో కేక. ఆ పక్కనే చిత్రా బొమ్మ. మద్రాసువాడైన టి.వి. రాఘవన్ ‘చిత్రా’ పేరుతో గీసిన ఆ బొమ్మలు లేకుంటే, మాయాసరోవరంలో మకరకేతు ఎక్కి తిరిగే జలగ్రహం పిల్లల కళ్లకు అంత నిజంగా కట్టేది కాదు. ఆయన 1978లో కన్నుమూశారు.

కొండ కింద ఊళ్లో ఉండి ఈ సీరియళ్లు చదివేవాళ్లకు ఒక ఇబ్బంది ఉంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. నర్సీపట్నం సంతకు వచ్చే భగతలు, కొండదొరలు, వాల్మీకులు మనకు ముఖాముఖి తెలిసిన మనుషులు. సీరియళ్లలో ఆటవికులు మాత్రం తరచు మంట చుట్టూ ఎగిరేవాళ్లు, క్షుద్రదేవతకు మనిషిని బలివ్వబోయేవాళ్లు. మైదానం నుంచి అడవిని చూసినవాళ్ల ఊహ అది. అప్పటి సినిమాల్లోనూ అదే ఉంది. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట నడిచి చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడినవాళ్ల మనవలకు ఆ బొమ్మలు రుచించవు.

కాని అదే రచయిత 1968లో ‘శిథిలాలయం’ మొదలుపెట్టి, ఒక శబర యువకుణ్ణి కథానాయకుణ్ణి చేశారు. శిఖిముఖి శబర నాయకుడి కొడుకు. క్షత్రియుడైన విక్రమకేసరికి అతను స్నేహితుడు, సేవకుడు కాదు. అడవి అతనికి భయపడాల్సిన చోటు కాదు, సొంత ఇల్లు. ఇద్దరిలో దారి తెలిసినవాడు అతనే కావడంతో కథ నడక మారిపోయింది. పన్నెండింటిలో నేను దీన్ని ముందు పెట్టడానికి కారణం ఇదే. యక్షపర్వతం అభిమానులు నాతో పోట్లాడతారని తెలుసు.

ఆయన సీరియళ్లు ఎడతెగకుండా రాలేదు. 1961లో మొదలైన రాకాసిలోయకూ, 1966 నాటి పాతాళదుర్గానికీ మధ్య పెద్ద ఖాళీ ఉంది. అప్పుడు ఆ పేజీల్లో బంకించంద్రుడి దుర్గేశనందిని వంటివి వచ్చాయి. భల్లూక మాంత్రికుడి తర్వాత మాత్రం ఆ పేజీలు పురాణ సీరియళ్లవైపు మళ్లాయి. దాసరి సంపాదక వర్గంలోనే మిగిలి, ఇతరుల కథలు దిద్దుతూ 2006 దాకా పనిచేశారు. 2010 జనవరిలో విజయవాడలో పోయారు. ఆ తర్వాత ఆ సీరియళ్లు పుస్తకాలుగా వచ్చాయి, అట్టల మీద ఆయన పేరుతో.

పుస్తకం చేతికొస్తే పిల్లలు ఒక్క రోజులో చదివి పారేస్తారు. వీలైతే వాళ్లకు పుస్తకం ఇవ్వకండి. రాత్రిపూట ఒక్క భాగం పైకి చదివి మూసేయండి, వారం ఆగి రెండోది చదవండి. ఈ ప్రాంతం పిల్లలకైతే శిథిలాలయంతో మొదలుపెట్టండి. శిఖిముఖి ఏ వైపు వెళ్లి ఉంటాడని వాళ్లను అడగండి. రెండో భాగం చదివేలోగా మూడు నాలుగు దార్లు వాళ్లే కనిపెడతారు, అందులో ఒకటైనా దాసరివారికి తట్టనిది ఉంటుంది.