వాల్వు ధ్వని, ట్రాన్సిస్టర్ ధ్వని: ఒక పరిశీలన

పాత గిటార్ యాంప్లిఫయర్లలో వాల్వుది మధురధ్వని, ట్రాన్సిస్టర్‌ది కర్కశధ్వని అనే మాట మీరు వినే ఉంటారు. ఈ తీర్పు సగమే నిజం. సంకేతం పరిమితి లోపల ఉన్నంతవరకు తేడా తక్కువగా వినిపిస్తుంది. పరిమితి దాటితే వాల్వు తరంగ శిఖరాన్ని క్రమంగా గుండ్రంగా మలుస్తుంది. సాధారణ ట్రాన్సిస్టర్ వలయం దాన్ని ఒక్కసారిగా కోసేస్తుంది. ఆ కోతే చెవికి గరుకుగా తోస్తుంది. 1966లో ఫెండర్ తెచ్చిన ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్లకు ఆదరణ దక్కలేదు. అయితే 1975 నాటి రోలాండ్ జె.సి.-120 తన స్వచ్ఛమైన ధ్వనికే పేరుపొందింది. ట్రాన్సిస్టర్లతోనే పనిచేసే ల్యాబ్ సిరీస్ ఎల్-5ను బి.బి. కింగ్ ఏళ్లపాటు వాడారు. కాబట్టి మీరు ధ్వనిని విమర్శించేటప్పుడు లోపల ఉన్నది వాల్వా, ట్రాన్సిస్టరా అని మాత్రమే చూడకండి. వలయాన్ని ఎలా రూపొందించారో, దాన్ని ఎంత స్థాయిలో వాయించారో కూడా పరిశీలించండి.