అర క్రౌను ఎంత చేస్తుంది?

ఇంగ్లండులో ఉంటున్న మనవాళ్లు పాత వెండి నాణెం చేతిలో పెట్టి ‘ఇదెంత చేస్తుందండీ?’ అని అడిగితే, నేను మొదట చూసేది రాజు బొమ్మ కాదు, సంవత్సరం. 1919 దాకా బ్రిటన్ వెండి నాణేల్లో నూటికి 92.5 పాళ్లు వెండే. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత వెండి ధర ఎగబాకి, నాణెం మీద వేసిన విలువను లోపలి లోహమే మించిపోయింది. దాంతో 1920 నుంచి వెండిని సగానికి దించారు. 1947లో అదీ పోయి రాగి, నికెల్ వచ్చాయి. అర క్రౌను అంటే ఐదు షిల్లింగుల క్రౌను నాణెంలో సగం, తూకం 14.14 గ్రాములు. 1919ది అయితే అందులో 13 గ్రాముల వెండి, మరుసటి ఏడాదిదైతే 7. దాన్ని ఆ రోజు వెండి ధరతో హెచ్చవేయండి, అదే కనీస ధర. అంతకన్నా బాగా తగ్గించి అడిగేవాడికి ఓ నమస్కారం పెట్టి వచ్చేయొచ్చు.

ఆ పైన ఎంత ఇవ్వాలన్నదే కష్టం. పాతదైనంత మాత్రాన ధర పలకదు. విక్టోరియా స్వర్ణోత్సవం నాటి 1887 నాణేలను జనం జ్ఞాపకంగా దాచుకున్నారు. అందుకే అరగనివి కూడా ఇప్పటికీ బోలెడు దొరుకుతాయి, చవగ్గా. 1934 క్రౌనునీ 1935 క్రౌనునీ పక్కపక్కన పెట్టి చూడండి. తూకం ఒకటే, వెండి ఒకటే. మొదటిది ముద్రించింది 932 మాత్రమే, వేల పౌండ్లు పలుకుతుంది. రెండోది ఏడు లక్షలకు పైగా ముద్రించారు, ధర వెండి విలువ చుట్టూనే తిరుగుతుంది.

అరుగుదల సంగతి మాత్రం పుస్తకం చదివితే రాదు. భూతద్దం కింద ముందు ఎత్తైన చోట్లు వెతకాలి: చెవి పైన జుట్టు, కనుబొమ, గడ్డం. కేటలాగులో ‘ఫైన్’ అని రాసినా ఆ నాణెం బాగా అరిగిందే. ఒక మెట్టు పైకెక్కితే ధర రెండింతలు, మూడింతలు కావచ్చు కాబట్టి, అమ్మేవాడి కంటికీ కొనేవాడి కంటికీ తగవంతా ఇక్కడే. నాణేల వ్యాపార సంస్థ స్పింక్ వాళ్లు ఏటా వేసే కేటలాగు ధరలు దుకాణంలో కొనేవాడి ధరలు. ఆ అంకె చూపించి దుకాణదారునే కొనమంటే కొనడు. దాన్ని మోసమనడం అన్యాయం, అతనికీ అద్దె ఉంటుంది, లాభం ఉండాలి. నా మటుకు నేను వేలంలో నిజంగా పలికిన ధరలనే నమ్ముతాను, అదీ కొన్నవాడు కట్టిన కమిషన్ కలుపుకొని. అమ్మకానికి పెట్టి అడిగే ధరలు ఆశలే.

1905 అర క్రౌను ఎవరైనా సగం ధరకు ఇస్తానంటే అనుమానించండి. ఆ ఏడాది లక్షా 66 వేలే ముద్రించారు, అందుకే దొంగ నాణేలు చేసేవాళ్లకు అదంటే మోజు. తూకం వేయండి, అంచు గీతలు చూడండి. అంచున గానీ వెనక గానీ అతుకు పెట్టిన మచ్చ ఉంటే ఒకప్పుడు బ్రోచీగానో లాకెట్టుగానో వాడారన్నమాట, ధర సగం పైనే పోతుంది.

చివరగా ఒక్క మనవి. అమ్మేముందు తళతళలాడాలని విభూతితోనో, టూత్‌పేస్టుతోనో తోమకండి. ఏళ్ల తరబడి పట్టిన ఆ నల్లటి పొరకే కొనేవాడు ఎక్కువ ఇస్తాడు.