పట్టా తరువాతి లెక్క: తొలిదశ డాక్టరేట్ల సర్వేలపై బుక్కరాయసముద్రం నేపథ్యంలో ఒక విమర్శ

వ్యాససంగ్రహం

పిహెచ్‌.డి. పట్టా పొందిన తొలి పదేళ్లలో పరిశోధకులు ఎక్కడ, ఏ షరతులపై పనిచేస్తున్నారో తెలుసుకోవడానికి అమెరికాలో ప్రత్యేక సర్వేలు జరిగాయి. భారతదేశంలో పరిశోధనలో చేరినవారి లెక్క ఏటా వెలువడుతున్నది గాని, పట్టా తరువాత వారి దారిని అనుసరించే లెక్క లేదు. ఆ సర్వేల నిర్మాణాన్ని, మన దేశంలోని గణాంక వ్యవస్థలను అనంతపురం జిల్లా బుక్కరాయసముద్రం మండల నేపథ్యంలో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఇలాంటి సర్వే ఉద్యోగమిచ్చిన సంస్థ నుంచి కాక, పట్టా పొందిన వ్యక్తి నుంచి మొదలుకావాలని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పిహెచ్‌.డి., పోస్ట్ డాక్టోరల్ పరిశోధన, అతిథి అధ్యాపకులు, ఉన్నత విద్య సర్వే, శోధ్‌గంగ, బుక్కరాయసముద్రం.

1. ఉపోద్ఘాతం

తెలుగు సాహిత్య విద్యార్థులకు బుక్కరాయసముద్రం పేరు కట్టమంచి రామలింగారెడ్డి 'ముసలమ్మ మరణం' కావ్యం ద్వారా పరిచితం. ఊరి చెరువు కట్ట నిలవడానికి ఒక ఇల్లాలు చేసిన ఆత్మార్పణ ఆ కావ్యానికి ఇతివృత్తం. విద్యార్థి దశలో దానిని రచించిన కట్టమంచి తరువాతి కాలంలో, 1926లో, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి ఉపాధ్యక్షులయ్యారు. ఆయన కావ్యానికి నెలవైన ఊరి పరిసరాలే నేడు పరిశోధన సంస్థలకు స్థానమయ్యాయి. 2018లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ కేంద్రీయ విశ్వవిద్యాలయానికి శాశ్వత ప్రాంగణం ఈ మండలంలోని జంతలూరు వద్ద ఉంది. మెట్ట వ్యవసాయ పరిశోధన స్థానం రేకులకుంటలోను, కృషి విజ్ఞాన కేంద్రం రెడ్డిపల్లిలోను ఉన్నాయి. సమీపంలోని అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం 1981 నుంచి, జె.ఎన్.టి.యు. 2008 నుంచి స్వతంత్ర విశ్వవిద్యాలయాలుగా డాక్టరేట్లు ప్రదానం చేస్తున్నాయి.

ఏటా ఇక్కడ పట్టా పుచ్చుకునేవారు తరువాత ఏమవుతున్నారు? ఎందరు అధ్యాపకులయ్యారు, ఎందరు పరిశోధన వదిలారు, ఎందరు బెంగళూరుకో హైదరాబాదుకో తరలిపోయారు? ఈ ప్రశ్నలకు అధ్యాపకుల గదులలో అనుభవం మీద చెప్పే సమాధానాలు ఉన్నాయి గాని, ఆధారంగా చూపదగిన పట్టిక లేదు. ఆ లోటు స్వభావాన్ని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. రెండు సర్వేలు - రెండు ప్రారంభస్థానాలు

ఈ రంగంలో అమెరికా జాతీయ విజ్ఞాన ఫౌండేషన్ అనుభవం సుదీర్ఘమైనది. ఆ దేశంలో పట్టా పొందుతున్న ప్రతి పరిశోధకుని వివరాలను 1957 నుంచి ఏటా నమోదు చేస్తున్నారు. ఆ నమోదుల నుంచి నమూనా తీసి, 1973 నుంచి డాక్టరేట్ గ్రహీతల సర్వే నడుపుతున్నారు. ఇది పట్టా దగ్గర మొదలై వ్యక్తి వెంట వెళ్తుంది. అతడు విశ్వవిద్యాలయంలో ఉన్నా, కంపెనీలో ఉన్నా, ఉద్యోగమే లేకుండా ఉన్నా లెక్కలో ఉంటాడు.

రెండవది తొలిదశ డాక్టరేట్ల సర్వే. మొదటి డాక్టరేట్ పొంది పదేళ్లు దాటనివారు దీని పరిధిలోకి వస్తారు. ప్రయోగాత్మక దశ తరువాత 2017లో జరిగిన ఈ సర్వే ఉద్యోగస్థలం దగ్గర మొదలవుతుంది. ఎంపిక చేసిన విద్యాసంస్థలు, పరిశోధన కేంద్రాలు తమ వద్ద పనిచేసే డాక్టరేట్ల జాబితా ఇస్తే, అందులోనుంచి నమూనా తీస్తారు. దీనికి తగిన కారణం ఉంది. అమెరికా ప్రయోగశాలలలో పనిచేసే పోస్ట్ డాక్టోరల్ పరిశోధకులలో విదేశాలలో పట్టా పొందినవారు చాలామంది. వారు అక్కడి పట్టాల నమోదులో ఉండరు కనుక మొదటి సర్వేకు అందరు. అనంతపురంలో పట్టా పొంది అమెరికా ప్రయోగశాలలో చేరిన పరిశోధకుడు సైతం ఈ రెండవ పద్ధతి ద్వారానే అక్కడి లెక్కలోకి వస్తాడు.

రెండు పద్ధతులకూ హద్దులున్నాయి. పట్టా నుంచి మొదలయ్యే సర్వే బయట చదివి వచ్చినవారిని వదిలివేస్తుంది. ఉద్యోగస్థలం నుంచి మొదలయ్యేది ఆ స్థలాలలో చోటు దొరకనివారిని వదిలివేస్తుంది. మానవీయ శాస్త్రాల విషయం మరీ ఆలోచింపజేస్తుంది. డాక్టరేట్ గ్రహీతల సర్వేలో 1977 నుంచి 1995 వరకు ఆ శాస్త్రాలకూ చోటు ఉండేది, తరువాత నిలిచిపోయింది. సాహిత్యంలో, చరిత్రలో పట్టా పొందినవారి దారి గణాంకాలకు ముందుగా దూరమయ్యే స్థితి కేవలం మన దేశానిది కాదు.

3. భారతదేశంలోని లెక్కలు

మన దేశంలో ప్రధాన ఆధారం అఖిల భారత ఉన్నత విద్య సర్వే. 2010-11తో మొదలైన ఈ సర్వే ప్రకారం పిహెచ్‌.డి.లో నమోదైనవారు 2014-15లో 1.17 లక్షలు, 2021-22లో 2.12 లక్షలు. ఇదే కాలంలో మహిళల సంఖ్య 0.48 లక్షల నుంచి 0.99 లక్షలకు, అనగా రెట్టింపునకు పైగా పెరిగింది. అధ్యాపకుల విద్యార్హతలు, నియామక స్వభావం సైతం ఈ సర్వేలో నమోదవుతాయి. అయితే ఇది సంస్థల గణన. పట్టా పొందిన వ్యక్తి ఉన్నత విద్యాసంస్థలో చేరకపోతే ఇందులో కనబడడు.

శ్రామిక శక్తిని కొలిచేది 2017లో మొదలైన ఆవర్తన శ్రామిక శక్తి సర్వే. దీని ప్రచురిత పట్టికలలో చివరి విద్యాస్థాయి 'స్నాతకోత్తరం, ఆపై'. ఎం.ఏ. చదివినవారు, దాని తరువాత ఐదారేళ్లు పరిశోధన చేసినవారు ఒకే గడిలో చేరుతారు. పిహెచ్‌.డి. వల్ల ఉద్యోగావకాశం పెరిగిందా, తగ్గిందా అనే ప్రశ్నకు ఆ గడి సమాధానం చెప్పలేదు.

చెరువుల మీద బ్రతికిన ప్రాంతం భాషలో చెప్పాలంటే, వాగు నుంచి చెరువులోకి చేరే నీటికి కొలత ఉంది, తూము దగ్గరా కొలత ఉంది, ఆయకట్టులో ఏ మడి తడిసింది, ఏ మడి ఎండింది అన్న లెక్క మాత్రం లేదు.

ఇలాంటి లెక్క మనకు పూర్తిగా కొత్తదేమీ కాదు. 1961 జనగణనలో శాస్త్ర సాంకేతిక సిబ్బందికి, 1971లో పట్టభద్రులకు, సాంకేతిక సిబ్బందికి ప్రత్యేక కార్డులు పంచి వారి చదువు, ఉద్యోగ వివరాలు సేకరించారు. విదేశాలలో చదివి తిరిగివచ్చిన శాస్త్రజ్ఞులకు తాత్కాలిక ఆశ్రయంగా 1958లో శాస్త్రజ్ఞుల పూల్ పథకం ఏర్పడింది. చదివినవారు ఏమవుతున్నారని తెలుసుకోవడం రాజ్యం బాధ్యత అన్న స్పృహ ఆ తరంలో ఉన్నది. డాక్టరేట్లు కొద్దిమందిగా ఉన్ననాడు కనబరచిన ఆ శ్రద్ధ, వారు లక్షలకు చేరిననాడు కొరవడింది.

4. ఒక మండలం - మూడు సంస్థలు

ఉద్యోగస్థలం నుంచి మొదలయ్యే సర్వేను బుక్కరాయసముద్రం మండలంలో అమలుచేస్తే కలిగే ఫలితాన్ని ఊహించవచ్చు. జంతలూరులోని అధ్యాపకుడు ఉన్నత విద్య సర్వేలో ఉంటాడు. అతడు ఏ రాష్ట్రంలోనైనా పట్టా పొంది ఉండవచ్చు. రెడ్డిపల్లిలోని విషయ నిపుణుడు వ్యవసాయ విస్తరణ వ్యవస్థకు చెందుతాడు. రైతు పొలాలలో ప్రదర్శనలు, శిక్షణ అతని ముఖ్య బాధ్యతలు. ఆ ఉద్యోగానికి స్నాతకోత్తర పట్టా చాలు కనుక, అతనికి డాక్టరేట్ ఉన్నా అది ఉద్యోగానికి అవసరమైన అర్హతగా లెక్కలోకి రాదు. రేకులకుంట వంటి పరిశోధన స్థానాలలో శాశ్వత శాస్త్రజ్ఞులతోపాటు ప్రాజెక్టుల కింద నియమితులైన సహాయకులూ పనిచేస్తారు. ప్రాజెక్టు కాలపరిమితి ముగిస్తే ఆ స్థానమూ ముగుస్తుంది. కొద్ది కిలోమీటర్ల దూరంలోని ఒక సంస్థ నుంచి మరొక సంస్థకు మారిన పరిశోధకుడు ఒక శాఖ పుస్తకంలోనుంచి మరొక శాఖ పుస్తకంలోకి మారుతాడు. రెంటినీ కలిపి చదివే కన్ను లేదు.

వీరంతా ఏదో ఒక జాబితాలో ఉన్నవారు. ఇదే మండలంలో నివసిస్తూ జూనియర్ కళాశాలలో పాఠం చెప్పే డాక్టరేట్, పోటీ పరీక్షల శిక్షణ కేంద్రంలో పనిచేసే డాక్టరేట్, ప్రసవం తరువాత ఉద్యోగ ప్రయత్నం ఆపిన డాక్టరేట్ ఏ పరిశోధన సంస్థ జాబితాలోనూ ఉండరు. సర్వే అసలు తెలుసుకోవలసినది వీరి గురించే.

5. 'తొలిదశ' అనే నిర్వచనం

పట్టా తేదీ నుంచి పదేళ్లను తొలిదశగా గణించే నిర్వచనం వెనుక ఒక జీవితక్రమం ఉంది. చదువు, పట్టా, ఆ తరువాత ఉద్యోగం అన్నది ఆ క్రమం. తెలుగు శాఖల అనుభవం దీనికి భిన్నమైనది. ఉపాధ్యాయులుగా, భాషా పండితులుగా, జూనియర్ అధ్యాపకులుగా ఏళ్ల తరబడి పనిచేస్తూ పార్ట్ టైమ్ పద్ధతిలో పరిశోధన పూర్తిచేసేవారు ఇక్కడ సుపరిచితులు. యు.జి.సి. 2022 నిబంధనలు సైతం పార్ట్ టైమ్ పిహెచ్‌.డి.ని అనుమతిస్తున్నాయి. పైనిర్వచనం ప్రకారం నలభై ఎనిమిదేళ్ల వయసులో పట్టా పొందిన ప్రభుత్వోపాధ్యాయుడు, ఇరవై తొమ్మిదేళ్లకు పట్టా పొంది ఉద్యోగం వెదికే యువతి ఒకే వర్గం. మొదటివారి స్థిరమైన జీతం రెండవవారి నిరుద్యోగంతో కలిసి సగటుగా మారితే, ఆ సగటు ఇద్దరి స్థితినీ చెప్పదు. కనుక పట్టా వయసును, ఉద్యోగ వయసును వేరువేరుగా అడగాలి. పట్టాకు ముందే శాశ్వత ఉద్యోగం ఉన్నదా అన్న ఒక్క ప్రశ్న ఈ చిక్కును చాలావరకు విప్పుతుంది.

'పోస్ట్ డాక్టోరల్' అన్న మాటకూ ఇదే పరీక్ష అవసరం. విజ్ఞానశాస్త్రాలలో అది గుర్తింపున్న ఒక దశ. సాహిత్య పరిశోధకునికి ఆ దశ అరుదు. 2022లో యు.జి.సి. ప్రకటించిన డాక్టర్ ఎస్. రాధాకృష్ణన్ పోస్ట్ డాక్టోరల్ ఫెలోషిప్‌లు దేశమంతటికీ, భాషలతోసహా అనేక విభాగాలకూ కలిపి 900. ఫెలోషిప్ దొరకని పరిశోధకునికి విశ్వవిద్యాలయంలో మిగిలే స్థానం తరచుగా అతిథి అధ్యాపకత్వమే. ప్రయోగశాలలో పోస్ట్ డాక్టోరల్ పరిశోధకుడు ఉండే వయసులో తెలుగు పరిశోధకుడు అతిథి అధ్యాపకుడుగా ఉంటాడు. మొదటివారికి పరిశోధనే పని. రెండవవారికి పాఠం చెప్పగా మిగిలిన సమయంలో, జీతం లేని పని.

6. ప్రశ్నావళిలో ఇమడని ఉపాధి

సర్వేలు సాధారణంగా వార్షిక వేతనాన్ని అడుగుతాయి. 2019లో యు.జి.సి. సవరించిన మార్గదర్శకాల ప్రకారం అతిథి అధ్యాపకులకు ఒక్కో ఉపన్యాసానికి 1,500 రూపాయలు, నెలకు గరిష్ఠంగా 50,000 రూపాయలు. ఇందులో గరిష్ఠ పరిమితి ఉంది గాని, కనీస హామీ లేదు. సెలవులలో పాఠాలుండవు కనుక ఆదాయమూ ఉండదు. అలాంటి వ్యక్తిని సెప్టెంబరులో అడిగితే ఉద్యోగి, మే నెలలో అడిగితే నిరుద్యోగి. ఒక నిర్దిష్ట తేదీన స్థితిని అడిగే పద్ధతి ఇక్కడ ఆ తేదీని బట్టి ఫలితాన్ని మారుస్తుంది. గడచిన పన్నెండు నెలలలో ఎన్ని నెలలు వేతనం అందింది, ఎన్ని సంస్థలలో పనిచేశారు అనే ప్రశ్నలు లేకుండా ఈ ఉపాధిని కొలవడం సాధ్యం కాదు.

పరిశోధన కొనసాగింపు కూడా కొలవవలసిన అంశమే. 2025 జనవరిలో అమలులోకి వచ్చిన 'ఒకే దేశం ఒకే చందా' పథకం 30 ప్రచురణ సంస్థలకు చెందిన దాదాపు 13,000 పత్రికలను ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు, కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థలకు అందుబాటులోకి తెచ్చింది. ఈ సౌకర్యం సంస్థల ద్వారా లభిస్తుంది. సంస్థ వెలుపల ఉన్న డాక్టరేట్ ఏ పత్రికలు చదవగలుగుతున్నారో సర్వే అడగాలి. పరిశోధన మానివేయడానికీ, మానక తప్పకపోవడానికీ మధ్య భేదం అక్కడ తెలుస్తుంది.

7. జవాబిచ్చేది ఎవరు?

ఉన్నత విద్య సర్వేలో వివరాలు ఇచ్చేది సంస్థ. నియామక స్వభావం, అర్హత వంటి నమోదులకు అది సరిపోతుంది. పనిభారం, వేతన జాప్యం, వివక్ష, ఉద్యోగం మానాలన్న ఆలోచన వంటివి సంస్థ ద్వారా తెలిసేవి కావు. వచ్చే విద్యాసంవత్సరానికి పునర్నియామకం కోసం ఎదురుచూసే వ్యక్తి, తన శాఖాధ్యక్షుని చేతులమీదుగా వెళ్లే పత్రంలో నిజం వ్రాస్తాడని ఆశించలేము. అందువల్ల ప్రశ్నావళి నేరుగా వ్యక్తికి చేరాలి.

గోప్యత మరొక సమస్య. ఒక చిన్న శాఖలో ఏడాదికి ఇద్దరు ముగ్గురే పట్టా పొందినప్పుడు శాఖ, సంవత్సరం, కులవర్గం, లింగం కలిపి పట్టిక ప్రచురిస్తే పేరు చెప్పకుండానే మనిషిని గుర్తుపట్టవచ్చు. కనుక సంఖ్యలు చిన్నవైన చోట ప్రాంతాలవారీగా, విభాగాలవారీగా కలిపి ప్రచురించాలి.

8. ప్రత్యామ్నాయం

పట్టా నుంచి మొదలయ్యే సర్వేకు అవసరమైన జాబితా మన దేశంలో ఇప్పటికే చాలావరకు ఉంది. యు.జి.సి. 2009 నిబంధనల మేరకు సిద్ధాంత వ్యాసాలను ఎలక్ట్రానిక్ రూపంలో సమర్పించవలసి ఉంది. శోధ్‌గంగ భాండాగారంలో పరిశోధకుని పేరు, పర్యవేక్షకుని పేరు, శాఖ, విశ్వవిద్యాలయం నమోదై ఉంటాయి. ఇప్పటివరకు దీనిని గ్రంథచౌర్యం పట్టుకోవడానికి, పూర్వపరిశోధనలు వెదకడానికి వాడుతున్నారు. నమూనా ఎంపికకు సైతం ఇది పునాది కాగలదు. విశ్వవిద్యాలయాలు తమ నమోదులతో దీనిని సరిచూసి, 2023 వ్యక్తిగత డేటా రక్షణ చట్టాన్ని దృష్టిలో ఉంచుకొని, పట్టా ప్రదాన సమయంలోనే సమ్మతి తీసుకొని చిరునామాలు భద్రపరిస్తే తరువాతి పని సులువవుతుంది.

దీనికీ లోపాలున్నాయి. అన్ని సిద్ధాంత వ్యాసాలూ భాండాగారంలో చేరి ఉండవు. విదేశాలలో పట్టా పొంది వచ్చినవారు ఇందులో ఉండరు. వారి కోసం సంస్థల జాబితాను అనుబంధంగా వాడుకోవచ్చు. అమెరికాలో తొలిదశ సర్వే పట్టాల సర్వేకు పూరకంగా వచ్చినది. పట్టాల జాబితానే వాడుకోని మన వ్యవస్థ ఆ పూరకాన్ని మాత్రమే అనుకరిస్తే ప్రధాన భాగం లేకుండా పోతుంది.

9. ముగింపు

ఈ లోటు ఫలితం విధానాలలో కనబడుతుంది. 2018 నిబంధనలలో విశ్వవిద్యాలయ సహాయ ఆచార్యులకు 2021 జూలై నుంచి పిహెచ్‌.డి. తప్పనిసరి అన్నారు. ఆ గడువును 2023 జూలైకి జరిపారు. ఆ తేదీ రాగానే తప్పనిసరి నిబంధనను తొలగించి, నెట్, సెట్, స్లెట్ అర్హతలను కనీస ప్రమాణంగా నిర్ణయించారు. నిబంధన విధించడానికిగాని, సడలించడానికిగాని వాదనలు ఉండవచ్చు. అయితే 2018 నిబంధనను నమ్మి పరిశోధనలో చేరినవారెందరు, పట్టా తరువాత వారికి ఏ స్థానం దొరికింది అన్న ప్రశ్నకు సమాధానం చెప్పగల పట్టిక ఏ దశలోనూ లేదు.

జాతీయ స్థాయి సర్వే కోసం ఎదురుచూడకుండా ఒక జిల్లాలో ఈ పని మొదలుపెట్టవచ్చు. అనంతపురంలోని రెండు రాష్ట్ర విశ్వవిద్యాలయాలు గత పదేళ్లలో తాము ప్రదానం చేసిన డాక్టరేట్ల జాబితాలను కలిపి, ఆ వ్యక్తులను నేరుగా సంప్రదిస్తే, పట్టా నుంచి మొదలయ్యే సర్వే మన పరిస్థితులలో ఎంతవరకు సాధ్యమో తెలుస్తుంది. జంతలూరు, రేకులకుంట, రెడ్డిపల్లి వరకు చేరినవారి వివరాలు సంస్థల వద్ద లభిస్తాయి. చేరనివారి వివరాలు ఈ పద్ధతిలోనే లభిస్తాయి.