మిణుగురు చూపుమేర

యుద్ధం ఆగిన నేలకు గాయం ఒక్కచోటే ఉండదు. ఇక్కడ ఇంధనం ఇంకిన మట్టి, అవతల మందుపాతర, ఆ పక్కనే పేలకుండా మిగిలిన ఫిరంగి గుండు. ఫ్రాన్స్‌లో వెర్డన్ దగ్గర మొదటి ప్రపంచయుద్ధం నాటి రసాయన గుండ్లను 1920ల్లో కాల్చేసిన చోట ఆర్సెనిక్ ఇంకిపోయి ఇప్పటికీ గడ్డి సరిగా మొలవదు. మట్టి తవ్వి తీసేయడమా, మొక్కలతో విషం లాగించడమా అన్నది తర్వాతి సంగతి. ముందు అది ఎక్కడెక్కడ పేరుకుందో తెలియాలి.

దీనికి అచ్చంగా సరిపోయే పద్ధతి ఒకటి బెంగళూరులో పుట్టింది. భారతీయ విజ్ఞాన సంస్థ ఏరోస్పేస్ ఇంజనీరింగ్ విభాగంలో కె.ఎన్. కృష్ణానంద్, దేబాశిష్ ఘోష్ 2005లో ప్రకటించిన గ్లోవార్మ్ స్వార్మ్ ఆప్టిమైజేషన్ అది. దాన్ని వాళ్లు యుద్ధభూమి కోసమని రాయలేదు. వెలుగు, శబ్దం, ప్రమాదకర రసాయనం లాంటివి పుట్టే చోట్లు ఎన్ని ఉన్నా, రోబోల గుంపుతో అన్నిటినీ ఒకేసారి పట్టుకోవాలన్నది వాళ్ల తపన. గాయపడ్డ నేలకు కావలసిందీ అదే.

ఇందులో ఒక్కో రోబో ఒక మిణుగురు (గ్లోవార్మ్). తానున్న చోట వెతుకుతున్నదాని కొలత ఎంత ఎక్కువుంటే అంత మెరుస్తుంది. అడుగడుగునా పాత మెరుపులో 40 శాతం ఆరిపోతుంది, కొత్త కొలతలో 0.6 వంతు వచ్చి కలుస్తుంది. నిన్నటి ఘనత ఎవరికీ నిలవదన్నమాట. తనకంటే ఎక్కువ మెరిసే పొరుగువాటిలో ఒకదాన్ని ఎంచుకుని అటు జరుగుతుంది. చీమల బారును చూసి 1992లో మార్కో డోరిగో చేసిన పద్ధతి కోవలోదే ఇదీ.

చేయి తిరిగిన పనితనమంతా చూపుమేరలో ఉంది. తనకంటే మెరిసేవి ఐదుకు మించి కనబడితే మిణుగురు తన చూపు కుదించుకుంటుంది, తక్కువైతే చాచుకుంటుంది. ఇంత చిన్న నియమంతోనే గుంపు తనంతట తాను చీలి, ఒక్కో జట్టు ఒక్కో మూలానికి చేరుతుంది. పంపకాలు చేసే పెద్ద ఎవరూ లేరు. పక్షుల గుంపును చూసి 1995లో కెనడీ, ఎబర్‌హార్ట్ చేసిన పద్ధతి మొదటి రూపంలో అందరినీ అన్నిటికంటే మేలైన ఒక్క చోటికే లాగుతుంది. విషపు నేల మీద అది చాలదు. పెద్ద మడుగు దొరికి చిన్నది మిగిలిపోతే, రేపు ఏ రైతో ఆ చిన్నదాని మీదే ట్రాక్టర్ తోలుతాడు.

నాకు మరీ నచ్చింది ఇంకొకటి. చుట్టుపక్కల అందరికంటే మెరిసే మిణుగురు కదలదు. వెనకవి కొలిచినట్టున్న అడుగుతో దాని దగ్గరికొచ్చి, కప్పగంతుల ఆటలోలాగా ఒక్కోసారి దాన్ని దాటి పడతాయి. అక్కడ కొలత ఎక్కువుంటే దాటినదే ముందరిదవుతుంది, ఆగినది దాని వెంట బయలుదేరుతుంది. కొలత ఎటు పెరుగుతుందో ఏ ఒక్కదానికీ తెలియదు, అయినా జట్టంతా దాని శిఖరం చేరుతుంది!

దీన్ని వాళ్లు కాగితానికే వదిలేయలేదు. కిన్‌బాట్లనే చక్రాల రోబోలతో శబ్దం ఎక్కడ పుడుతోందో వెతికించారు. అయితే యుద్ధభూమి శిథిలాల్లో చక్రం ఇరుక్కుంటుంది, మందుపాతర మీద అసలు మోపకూడదు. డ్రోన్లకు ఆ బెడద లేదు. పొరుగుదాని మెరుపు, అదున్న చోటు తెలిస్తే చాలన్నది నియమం కాబట్టి, ఈ మిణుగురుకు రెక్కలిచ్చినా అల్గారిథమ్‌లో మార్చాల్సింది కొంచెమే.